అమ్మ ఇంప్లాంట్లకు ఈఎంఐ తీసుకోవాలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. అమ్మ అనంతపురంలో ఉంటుంది, 63 ఏళ్లు, షుగర్ ఉంది, ఆరోగ్య బీమా లేదు. ఇక్కడ రెండు పళ్లకు ఇంప్లాంట్లు వేయిద్దామనుకుంటున్నాం. వడ్డీ లేని ఈఎంఐ అయితే నెలకు 8,000 చొప్పున 12 నెలలు, ఒకేసారి కడితే 90,000 అంటున్నారు. లక్షన్నర ఎఫ్‌డీ ఉంది. ఏది మేలు?

జవాబు: వడ్డీ లేదన్న మాట నమ్మకండి. ఈఎంఐలో మీరు కట్టేది 96,000. ఆ 6,000 చిన్నదిగానే కనిపిస్తుంది కానీ, బాకీ నెలనెలా తగ్గుతుంది కాబట్టి లెక్కేస్తే ఏడాదికి సుమారు 12 శాతం వడ్డీ పడుతోంది. ఎఫ్‌డీని ముందే తీస్తే బ్యాంకు మామూలుగా వడ్డీ రేటులో అర శాతమో, ఒక శాతమో కోస్తుంది. ఎఫ్‌డీయే తీయండి.

అలాగని 90,000 మొత్తం మొదటి రోజే చేతిలో పెట్టకండి. దవడలో టైటానియం స్క్రూ బిగించాక ఎముక దాన్ని పట్టుకోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. పైన పన్నులా కనిపించే క్యాప్ ఆ తర్వాతే. పని విడతలుగా జరుగుతుంటే డబ్బూ విడతలుగానే ఇస్తామని, అదే ధరకు, గట్టిగా అడగండి. స్కాన్, క్యాప్ అందులోనే ఉన్నాయా, ఎముక చాలక గ్రాఫ్ట్ (ఎముక పెంచే పదార్థం) వేస్తే ఎంత, స్క్రూ నిలవకపోతే మళ్లీ వేసే ఖర్చు ఎవరిది, ఇవన్నీ రాయించుకోండి. షుగర్ అదుపులో లేకపోతే పుండు త్వరగా మానదు. డాక్టర్ ఆగమంటే ఆగండి, క్లినిక్ ఆఫర్ అయిపోతోందని తొందరపడకండి.

ఇంప్లాంట్ పుచ్చిపోదు. కానీ చుట్టూ పాచి పేరుకుంటే చిగురు చెడి, ఎముక కరిగి, స్క్రూ వదులవుతుంది. పళ్ల సందుల్లో దూరే చిన్న బ్రష్ రోజూ వాడాలి. ఆరు నెలలకోసారి చెకప్, క్లీనింగ్, అమ్మ రానుపోను ఛార్జీలు కూడా బడ్జెట్‌లో వేసుకోండి. ఇంప్లాంట్ డబ్బా మీది స్టిక్కర్‌లో కంపెనీ, సైజు, లాట్ (తయారీ బ్యాచ్) నంబర్ ఉంటాయి. దాన్ని అడిగి తీసుకుని ఫైల్లో అంటించండి. రేపు అనంతపురంలో క్యాప్ కదిలితే, అక్కడి డాక్టర్ మొదట అడిగేది అదే.

మీరు పాత పన్ను విధానంలో ఉంటే, బీమా లేని 60 దాటిన తల్లిదండ్రుల వైద్య ఖర్చుకు పన్ను పడే ఆదాయంలోంచి ఏడాదికి 50,000 వరకు మినహాయింపు ఉంది. నగదు ఇస్తే రాదు, యూపీఐతో కట్టి బిల్లు తీసుకోండి. స్క్రూ డబ్బు మార్చి 31లోపు, క్యాప్ డబ్బు ఏప్రిల్ 1 నుంచి కడితే రెండేళ్ల పరిమితీ వాడుకోవచ్చు.