ఆ జూనిపర్‌ని ముందు బాల్కనీలో పెట్టు

చిన్నీ,

ముందు ఆ చెట్టుని బాల్కనీలో పెట్టేసి రా, ఉత్తరం తర్వాత చదువుదువుగాని. నువ్వు పంపిన ఫొటోలో ల్యాప్‌టాప్ పక్కన బల్ల మీద ముచ్చటగానే ఉంది, కాదనను. కానీ జూనిపర్ అంటే చలికాలంలో కూడా ఆకు రాల్చని చెట్టు, ఇంట్లో బతికేది కాదు. 'ఇండోర్ బోన్సాయ్', అంటే ఇంట్లో పెంచే మరుగుజ్జు కుండీ చెట్టు అని చీటీ అంటించి అమ్మినా సరే, నమ్మకు. నువ్వు కొన్న రకాన్ని ప్రోకంబెన్స్ నానా అంటారు. జపాన్ దక్షిణ తీరాల్లో నేల మీద పాకుతూ పెరిగే జాతి. దానికి ఎండ కావాలి, గాలి కావాలి, ఏడాదికోసారి చలిలో కొన్నాళ్లు నిద్ర కావాలి. ఆ నిద్ర లేకుండా వేడి గదిలో ఉంచితే రోజురోజుకీ నీరసించి పోతుంది. కిటికీ దగ్గర పెడతానంటావేమో. గాజులోంచి వచ్చే ఆ వెలుతురు మనం చదువుకోవడానికి చాలుతుంది గాని దానికి చాలదు. రోజుకి కనీసం నాలుగైదు గంటలు నేరుగా ఎండ తగలాలి.

"నెల రోజులుగా ఇంట్లోనే ఉంది, పచ్చగానే ఉంది కదా పెద్దమ్మా" అన్నావు. చాలామంది మోసపోయేది అక్కడే. జూనిపర్ ప్రాణం పోయాక కూడా వారాల తరబడి పచ్చగా కనిపిస్తుంది. వేళ్లు చచ్చిపోయినా ఆకులో ఉన్న తడి అంత త్వరగా ఆరదు. ముందు నిగనిగ తగ్గుతుంది, తర్వాత బూడిద చల్లినట్టు వెలిసిపోతుంది, ఆ తర్వాతెప్పుడో గోధుమ రంగుకి తిరుగుతుంది. అప్పటికి చేసేదేమీ ఉండదు. అందుకని రంగు చూసి ధైర్యపడకు, చేత్తో పట్టి చూడు. ఒక రెమ్మని మెల్లగా వంచు. మెత్తగా వంగి మళ్లీ నిలబడితే బాగున్నట్టు. గరగరలాడి పొడిపొడిగా రాలితే ఆ కొమ్మ పోయినట్టే. ఇంకా అనుమానంగా ఉంటే కనిపించని చోట బెరడుని గోటితో రవ్వంత గీకు, కింద తడిగా పచ్చగా ఉండాలి.

ఇక నీళ్లు. "వారానికి ఎన్నిసార్లు పొయ్యాలి?" అని అడగొద్దు, దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. ఎండ కాసిన రోజు ఒకలా, ముసురు పట్టిన రోజు ఒకలా ఉంటుంది. రోజూ పొద్దున్నే మట్టిలోకి ఒక కణుపు దాకా వేలు దింపి చూడు. పైన ఆరినట్టుండి లోపల కొద్దిగా తడి తగులుతుంటే, అదే పోసే వేళ. వేలితో తెలియకపోతే చెక్క చాప్‌స్టిక్ ఒకటి మట్టిలో గుచ్చి పది నిమిషాలాగి తీసి చూడు, తడి ఎంత లోతున ఉందో పుల్ల మీద కనబడుతుంది. పోసేటప్పుడు మాత్రం మొహమాటం లేకుండా పొయ్యి. కుండీ అడుగు రంధ్రాల్లోంచి ధారగా కారాలి. ఓ నిమిషం ఆగి ఇంకోసారి పొయ్యి, ఎందుకంటే బాగా ఎండిన మట్టి మొదటిసారి నీటిని పీల్చకుండా పక్కల నుంచి జార్చేస్తుంది. కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకు. ఆకుల మీద స్ప్రే కొట్టడం నీళ్లు పోసినట్టు కాదు. వాన కురిసింది కదా అని వదిలెయ్యకు కూడా. ఆకులు గొడుగులా కమ్ముకుని ఉంటే మట్టి దాకా చుక్క దిగదు.

ఫొటోలో మట్టి మీద తెల్ల రాళ్లు కనిపించాయి. చాలా కుండీల్లో వాటిని జిగురుతో అంటించేస్తారు, రవాణాలో చెదిరిపోకుండా. నీళ్లు లోపలికి ఇంకవు. వాటిని ఇవాళే పుల్లతో పెకలించెయ్యి.

చికాగో చలి గురించి నీ భయం నాకు తెలుసు. చెట్టుకి చలి పడదని కాదు, నేలలో ఉంటే ఎంతైనా ఓర్చుకుంటుంది. చిన్న కుండీలో ఉన్నప్పుడు వేళ్లకి నాలుగు వైపుల నుంచీ గడ్డకట్టే చలి తగులుతుంది, కొమ్మల కంటే వేళ్లు సున్నితం. అక్టోబరు, నవంబరు చలికి బయటే ఉండనియ్యి, మెల్లమెల్లగా గట్టిపడుతుంది. రాత్రిళ్లు మైనస్ 5 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగడం మొదలయ్యాక బాల్కనీ నేల మీద, గోడ వారగా, గాలి కొట్టని మూలకి చేర్చు. పెద్ద థర్మోకోల్ పెట్టెకి అడుగున రంధ్రాలు చేసి, అందులో కుండీ పెట్టి, చుట్టూ కుండీ అంచు దాకా బెరడు పొట్టు నింపు. హీటర్ లేని గ్యారేజీ దొరికితే మరీ మంచిది. మంచు పడితే పడనియ్యి. గాలికి వేళ్లు ఎండిపోకుండా చూసుకోవడం ముఖ్యం, కాబట్టి మట్టి గడ్డకట్టని రోజుల్లో తడి చూస్తూ ఉండు. జనవరికి ఆకు రాగి రంగులోకో, కొంచెం ఊదాగానో మారొచ్చు. అది చలి రంగు, వసంతంలో తిరిగి పచ్చబడుతుంది. జాలిపడి ఒక్క రాత్రి కూడా హాల్లోకి తేకు. వెచ్చదనానికి నిద్ర చెదిరి, మళ్లీ బయట పెడితే దెబ్బ తింటుంది.

కత్తెర మాత్రం ఈ ఏడు ముట్టుకోకు. చిగుళ్లు గిల్లమని పాత పద్ధతిలో చెప్పేవారు గాని, అలా గిల్లితే కొసలు గోధుమరంగై చెట్టు బలం తగ్గుతుంది. వచ్చే ఏడు కత్తిరించినా ఒకటి గుర్తుంచుకో: పచ్చ ఆకంటూ ఏమీ మిగలని కొమ్మ మళ్లీ చిగురించదు, ఎండిపోతుంది. కొమ్మల్ని వంచి ఆకారం తేవడానికి లోహపు తీగ చుట్టడం అంతకంటే తర్వాతి సంగతి.

కుండీ మార్చడం వసంతం మొదట్లో, కొత్త పెరుగుదల రాకముందు. అకడమ (జపాన్ బంకమట్టి గుళికలు), ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), లావా రాయి కలిపిన గరుకు మిశ్రమం నేను పంపిస్తాను, పూలకుండీల మట్టి వాడకు. పాత మట్టి మొత్తం ఒకేసారి దులిపెయ్యకూడదు, అదే ఏడు కొమ్మలూ కొట్టకూడదు. ఎరువు కూడా వసంతం నుంచే. పురుగుల్లో ఎక్కువగా వచ్చేది ఎర్రనల్లి. కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి తట్టు, రాలిన నలుసులు కదిలితే అవే. నీటి ధారతో ఆకుల అడుగు భాగం గట్టిగా కడుగు.

హైదరాబాద్‌లో అమ్మకి కూడా ఒకటి కొనిపెడతానన్నావు. వద్దు తల్లీ, అక్కడ దీనికి కావలసినంత చలికాలం లేదు. అమ్మకి జువ్వి కొనిపెట్టు. ఆ ఎండకి హాయిగా పెరుగుతుంది, కొట్టినచోటల్లా చిగురిస్తుంది.

ఇటు వచ్చినప్పుడు నిన్ను వాషింగ్టన్‌లోని నేషనల్ బోన్సాయ్ మ్యూజియానికి తీసుకెళ్తాను. 1976లో జపాన్ ఇచ్చిన 53 చెట్లతో మొదలైంది. అక్కడ జాన్ నాకా అనే ఆయన ఒకే పళ్లెంలో పదకొండు జూనిపర్లతో పెంచిన అడవి ఉంది, 'గోషిన్' అంటారు. ఒక్కొక్క మనవడికీ మనవరాలికీ ఒక్కో చెట్టు. 1948లో మొదలుపెట్టి, 1984లో మ్యూజియానికి ఇచ్చేశాడు. ఆ మొదళ్ల మీద తెల్లగా తేలిన ఎండు కొయ్యనీ, దాని పక్కనే పైదాకా పాకిన ప్రాణమున్న బెరడునీ నువ్వు దగ్గరగా చూడాలి.

ఇప్పటికి నాకు ఒక ఫొటో కావాలి. కుండీని పైకెత్తి అడుగు భాగం తీసి పంపు. నీరు పోయే రంధ్రాలున్నాయో లేవో, ఉంటే వాటిలో ఏమైనా అడ్డంపడిందో చూసి, ఏం చెయ్యాలో రాత్రికి ఫోన్ చేసి చెబుతాను.

పెద్దమ్మ