దిగుడులోనే ఉంది అసలు కష్టం

ప్రశ్న: నలుగురు స్నేహితులం రెండు రోజుల కోసం బయలుదేరుతున్నాం. ఒకరోజు కొండ ట్రెక్, ఒకరోజు సర్ఫింగ్ (బోర్డు మీద నిలబడి సముద్రపు అలలపై జారే ఆట). ఇద్దరికి సర్ఫింగ్ పూర్తిగా కొత్త. ఏది ముందు పెట్టుకోవాలి?

సర్ఫింగే ముందు. ఎక్కుడులో వచ్చే ఆయాసం కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. దిగుడు అలా వదలదు. అడుగు కిందికి వేసిన ప్రతిసారీ తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. ఆ పనికి కండరపు పోగులు సన్నగా దెబ్బతింటాయి. ఆ సాయంత్రం పెద్దగా తెలీదు. మర్నాడు మొదలయ్యే నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. బోర్డు మీద బోర్లా పడుకున్న మనిషి ఒక్క ఊపులో మోకాళ్లు మడిచి లేవాలి కదా, మెట్లు దిగడానికే మూలిగే కాళ్లతో అది అయ్యే పని కాదు. పైగా ట్రెక్‌లో చిట్లిన బొబ్బ ఉప్పునీళ్లలో ఎలా మండుతుందో చెప్పక్కర్లేదు.

సర్ఫింగ్ ముందు పెట్టుకుంటే భుజాలు, మెడ పట్టేస్తాయి, నిజమే. అందుకని మర్నాడు బ్యాగు బరువు నడుముకి అప్పగించండి. ముందు నడుం బెల్టును తుంటి ఎముకల మీద బిగించి, ఆ తర్వాతే భుజం పట్టీలు లాగండి. బరువైనవి వీపుకి ఆనుకుని ఉండాలి. బయటి జేబుల్లో పెడితే బ్యాగు వెనక్కి గుంజుతుంది.

ప్రశ్న: దారి రానూపోనూ 12 కిలోమీటర్లు, ఎక్కుడు 900 మీటర్లు. ఉదయం 7కి మొదలుపెడితే ఎప్పటికి తిరిగొస్తాం?

1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి మరో గంట. మీ దారికి 2 గంటల 24 నిమిషాలు, దాని మీద గంటన్నర. మొత్తం 3 గంటల 54 నిమిషాలు. ఇది ఆగకుండా నడిచే గట్టి కాళ్ల లెక్క. ఫొటోలు, విశ్రాంతి, రాళ్ల దిగుడు కలిపి సగం అదనంగా వేసుకుంటే దాదాపు 6 గంటలు. అంటే మధ్యాహ్నం ఒంటిగంట. శిఖరం చేరినా చేరకపోయినా 11కి వెనుదిరగాలని కిందే మాట అనుకోండి. పైకి వెళ్లాక ‘ఇంకొక్క మలుపే’ అనేవాళ్లు ఒకరైనా ఉంటారు.

నెమ్మదిగా నడిచేవాళ్లను ముందు పెట్టండి. వెనక పెడితే జరిగేది ఇదీ: ముందువాళ్లు ఆగి పది నిమిషాలు సేదతీరతారు, వెనకాయన రొప్పుతూ వచ్చి చేరగానే ‘పదండి’ అని లేస్తారు. అందరికన్నా విశ్రాంతి అవసరమైన మనిషికే అది దక్కదు.

ప్రశ్న: దిగేటప్పుడు బూటు ముందుభాగానికి కాలివేళ్లు కొట్టుకుని గోళ్లు నల్లబడుతున్నాయి.

తప్పు సైజుదే కానక్కర్లేదు, లేసుదీ కావచ్చు. చివరి రెండు రంధ్రాల మధ్య లేసును అడ్డంగా కాక అదే పక్క పైకి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. రెండో పక్కా అంతే. ఇప్పుడు ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి, కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి తీసి, మడమను వెనక్కి ఆనించి బిగించండి. పాదం ముందుకి జారదు. గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించుకోవాలి.

ప్రశ్న: అక్కడ రోజూ సర్ఫింగ్ చేసేవాళ్లు కొత్తవాళ్లను కసురుకుంటారట, నిజమేనా?

కసురుకుంటే చాలాసార్లు కారణం ఉంటుంది. అల మొదట విరిగే చోటుకి దగ్గరగా ఉన్నవాళ్లదే ఆ అల. వాళ్లు లేచాక మీరు ముందు దూకితే ఇద్దరూ పడతారు. ఇంకోటి, ఎదురుగా పెద్ద అల రాగానే భయంతో బోర్డు వదిలేయడం. 8 అడుగుల బోర్డు, దాన్ని కాలికి కట్టిన 8 అడుగుల తాడు (లీష్) కలిపి మీ వెనక 16 అడుగుల మేర బోర్డు దూసుకొస్తుంది. నేర్చుకునే ఇద్దరూ నడుంలోతు నీళ్లలో, ఒడ్డు దగ్గర నురుగు అలల్లోనే ఉంటే ఈ గొడవే రాదు.

నీళ్లలో దిగేముందు ‘ఇక్కడ నీరు ఎటు లాగుతోంది?’ అని వాళ్లనే అడగండి. అలలు విరగకుండా నల్లగా, నెమ్మదిగా కనిపించే పాయ కొత్తవాళ్లకు ప్రశాంతమైన చోటులా అనిపిస్తుంది. చాలాసార్లు లోపలికి లాగే రిప్ కరెంట్ అదే. అనుభవం ఉన్నవాళ్లు లోపలికి తేలిగ్గా వెళ్లడానికి దాన్నే వాడుకుంటారు. మీరు చిక్కుకుంటే బోర్డు వదలకుండా, ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి చేతులతో తెడ్డేయండి. లాగుడు తగ్గాక అలలు విరిగే చోటు నుంచి ఒడ్డుకి తిరగండి.