యాంటీబయాటిక్ తెచ్చిన విరేచనాలకు మళ్లీ యాంటీబయాటిక్కా?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 68. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే ఆసుపత్రిలో వారం రోజులు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేశారు. ఇంటికి వచ్చాక రోజుకు ఎనిమిది, పదిసార్లు నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. మల పరీక్షలో ‘సి. డిఫిసిల్’ టాక్సిన్ ఉందన్నారు. మెట్రోనిడజోల్‌తో తగ్గినట్టే తగ్గి, రెండు వారాలకు తిరగబెట్టింది. ఇప్పుడు వాంకోమైసిన్ రాశారు. యాంటీబయాటిక్ వల్ల వచ్చిన జబ్బుకు మళ్లీ అదే వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ సందేహం సబబైనదే, ఈ జబ్బుకు చికిత్స చేయడంలోని చిక్కంతా అక్కడే ఉంది. పెద్దపేగులో మేలు చేసే బ్యాక్టీరియా కిక్కిరిసి ఉన్నంతకాలం సి. డిఫిసిల్ అనే హానికర బ్యాక్టీరియాకు చోటు దొరకదు. సెఫలోస్పోరిన్లు, క్లిండామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు ఆ కాపలాను చెదరగొట్టినప్పుడు అది విజృంభించి, ఏ, బీ అనే రెండు విషపదార్థాలను విడుదల చేస్తుంది. పేగు లోపలి పొరను దెబ్బతీసేవి అవే. 1935లో పసికందుల మలంలో దీన్ని కనుగొన్నవారు, ప్రయోగశాలలో పెంచడం కష్టమైనందున ‘డిఫిసిల్’ (లాటిన్‌లో ‘కష్టమైనది’) అని పేరు పెట్టారు. చికిత్స చేసే మాకు ఆ పేరు వేరే కారణంతో సార్థకమనిపిస్తుంది.

మందు బ్యాక్టీరియాను అణచగలదు గానీ, గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే దాని స్పోర్లను చంపలేదు. మందు ఆపాక, మేలు చేసే బ్యాక్టీరియా కోలుకునేలోపే ఆ స్పోర్లు మొలకెత్తితే జబ్బు తిరగబెడుతుంది. నలుగురైదుగురిలో ఒకరికి ఇలా జరుగుతుంది కనుక, మీ అమ్మగారి విషయంలో మందు మొండికేసిందని వెంటనే అనుకోనక్కర్లేదు. మెట్రోనిడజోల్ చాలావరకు రక్తంలోకి ఇంకిపోయి పెద్దపేగుకు కొద్దిగానే చేరుతుంది. అందుకే ఇప్పుడు దాన్ని తొలి ఎంపికగా వాడటం లేదు. నోటి ద్వారా ఇచ్చే వాంకోమైసిన్ దాదాపు ఇంకకుండా పేగులోనే ఉండి పనిచేస్తుంది. సాధారణ మోతాదు 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు నాలుగుసార్లు, 10 రోజులు. తిరగబెట్టినవారికి ఆ తర్వాత కొన్ని వారాలపాటు మోతాదు తగ్గిస్తూ ఇవ్వడమూ ఉంది. క్యాప్సూల్‌కు బదులు ఇంజెక్షన్ సీసాలోని పొడిని నీటిలో కలిపి తాగించమంటే కంగారు పడకండి, అది సరైన పద్ధతే. ఈ జబ్బుకు అదే మందును నరంలోకి ఎక్కిస్తే ప్రయోజనం ఉండదు. పదేపదే తిరగబెట్టేవారికి ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను పేగులోకి ఎక్కించే చికిత్స మంచి ఫలితాలిస్తోంది.

విరేచనాలు కట్టడానికి లోపెరమైడ్ సొంతంగా వేయకండి. గ్యాస్ మాత్ర రోజూ వేసుకుంటున్నట్లయితే అది నిజంగా అవసరమో కాదో మీ డాక్టర్‌ను అడగండి. శానిటైజర్‌కు స్పోర్లు చావవు కాబట్టి సబ్బుతో, పారే నీటి కింద చేతులు కడుక్కోవాలి. మరుగుదొడ్డిని బ్లీచింగ్ ద్రావణంతో శుభ్రం చేయాలి. విరేచనాలు తగ్గాక మళ్లీ మల పరీక్ష చేయించవద్దు. జబ్బు నయమైనా కొన్ని వారాలు పాజిటివ్ రావచ్చు.

జ్వరం, తీవ్రమైన కడుపునొప్పి, మూత్రం తగ్గడం, మగతగా ఉండటం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. విరేచనాలు హఠాత్తుగా ఆగి పొట్ట ఉబ్బితే అది తగ్గుముఖం కాదు, పేగు కదలిక నిలిచిపోయిందనడానికి సూచన కావచ్చు. ఆ రాత్రే బయలుదేరండి.