30 అడుగుల సెయిల్‌బోట్ చవగ్గా వస్తోంది, కొనమంటారా?

ప్రశ్న: మేమిద్దరం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. ఇద్దరివీ ఐటీ ఉద్యోగాలే, ఇద్దరం హెచ్1బీ మీదే ఉన్నాం. నిరుడు సెయిలింగ్ క్లాసు పూర్తి చేశాం. అప్పటి నుంచి సొంత పడవ కొనుక్కోవాలని గట్టిగా ఉంది. 1979 నాటి కాటలీనా కంపెనీ 30 అడుగుల పడవ (కాటలీనా 30) ఒకటి 8,000 డాలర్లకు అమ్మకానికి ఉంది. 22 అడుగుల పాత పడవలు 3,000, 4,000కి కనిపిస్తున్నాయి. రేటులో పెద్ద తేడా లేదు కాబట్టి పెద్దదే తీసుకుంటే ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడూ, ఫ్రెండ్స్‌తో వెళ్లడానికీ బాగుంటుందని మా ఆలోచన. మీ సలహా ఏమిటి?

జవాబు: ముందుగా, మీ ఇద్దరికీ ఈ ఆలోచన వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో బేని రోజూ డంబార్టన్ బ్రిడ్జి మీంచి చూస్తూ ఆఫీసుకి వెళ్లడమే తప్ప, ఒక్కసారైనా నీళ్ల మీదకు వెళ్లని మనవాళ్లే ఎక్కువ. మీరు పడవ కొనాలి. అయితే ఆ 30 అడుగుల పడవ మాత్రం ఇప్పుడు కొనొద్దు.

పడవ సైజు అనగానే అందరం పొడవు గురించే మాట్లాడతాం. మీరు బరువు చూడండి. కాటలీనా 22 సుమారు 2,250 పౌండ్లు ఉంటుంది. అదే కంపెనీ కాటలీనా 27 సుమారు 6,850 పౌండ్లు, కాటలీనా 30 అయితే 10,200 పౌండ్లు. 22 నుంచి 30కి వెళ్తే పొడవు ఎనిమిదడుగులే పెరుగుతుంది, బరువు నాలుగున్నర రెట్లవుతుంది. పొడవుతోపాటు వెడల్పు, లోతు కూడా పెరుగుతాయి కదా. తెరచాపలు, తాళ్లు, లంగరు, ఇంజిన్ అన్నీ ఆ బరువుకు తగ్గట్టే ఉండాలి. పోనీ వేగం ఏమైనా బాగా పెరుగుతుందా అంటే అదీ లేదు. నీటిని తాకే పొడవు ఎన్ని అడుగులో చూసి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఇలాంటి పడవ గట్టిగా ఎన్ని నాట్లు (నాట్ అంటే నీటి మీద వేగానికి కొలత) వెళ్తుందో తెలుస్తుంది. కాటలీనా 22కి అది 5.9, కాటలీనా 30కి 6.7. ఒక్క నాట్ కూడా తేడా లేదు.

ఈ బరువు మీకు ఎక్కడ తెలుస్తుందో చెబుతాను. సాయంత్రం నాలుగున్నరకి బర్కిలీ మెరీనాకి, అంటే పడవలు నిలిపే రేవుకి, తిరిగి వస్తున్నారనుకోండి. వేసవిలో ఆ వేళకి గోల్డెన్ గేట్ నుంచి గాలి సూటిగా బర్కిలీ వైపు కొడుతుంది. 20 నాట్లు మామూలు, 25 కూడా తరచూ ఉంటుంది. మీ స్లిప్‌లోకి (మీ పడవ కట్టేసే చోటులోకి) తిరగాలి, గాలి పక్కనుంచి తోస్తోంది. పడవకు బ్రేకులుండవు. ముందున్న మనిషి తాడు పట్టుకుని డాక్ (పడవ పక్కన నడిచే చెక్క వేదిక) మీదకు దిగాలి. 22 అడుగుల పడవైతే, కాస్త వంకరగా వచ్చినా, డాక్ మీద నిలబడి చేత్తో లాగి ఆపుకోవచ్చు. పది వేల పౌండ్ల పడవ అలా ఆగదు. కొత్తవాళ్లు కంగారులో కాలు అడ్డం పెట్టి ఆపబోతారు. డాక్‌కీ పడవకీ మధ్య కాలు నలిగిపోయే ప్రమాదం అక్కడే ఉంది. అలాంటి టెన్షన్ రెండు మూడు సార్లు పడ్డాక ఇంట్లో ఒకరు "ఈ వారం నువ్వు వెళ్లు, నాకు పనుంది" అనడం మొదలుపెడతారు. ఆ తర్వాత పడవ కట్టిన చోటే ఉండిపోతుంది. ఇక్కడి ఏ మెరీనాలో నడిచినా అలా నాచు పట్టి, కవర్లు చిరిగిపోయి, నెలల తరబడి కదలని 30 అడుగుల పడవలు కనిపిస్తాయి.

అందుకే సైజు విషయంలో నేను అందరికీ ఒకే లెక్క చెబుతాను. మీ ఇద్దరిలో ఎవరికి అనుభవం తక్కువో వాళ్లు ఒక్కరే తెరచాపలు దించి, ఇంజిన్ స్టార్ట్ చేసి, పడవని ఒడ్డుకు తీసుకురాగలగాలి. వాళ్లు తేగలిగిన పడవే మీ సైజు. నడిపే మనిషి నీళ్లలో పడిపోతే వెనక్కి తిప్పి పైకి తీసుకోవాల్సింది ఆ రెండో మనిషే. బేలో నీళ్లు ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటాయి. అంత చల్లటి నీళ్లలో కాసేపటికే చేతులు పట్టు తప్పుతాయి. 30 అడుగుల పడవలో 20 నాట్ల గాలికి ముందు తెరచాప తాడు చేత్తో లాగడం కుదరదు. విన్చ్‌కి (తాడు బిగించే చక్రానికి) చుట్టి, హ్యాండిల్ పెట్టి తిప్పాలి. అది భయం లేకుండా ఒంటరిగా చేయడానికి కొన్ని సీజన్ల అలవాటు కావాలి. ఆ అలవాటు చిన్న పడవ మీదే తొందరగా వస్తుంది. చుక్కాని కాస్త తిప్పితే చాలు, చిన్న పడవ వెంటనే జవాబిస్తుంది. మనం చేసిన తప్పేమిటో ఆ క్షణంలోనే అర్థమవుతుంది. హుస్సేన్ సాగర్ మీద ఆప్టిమిస్ట్, లేజర్ అనే చిన్న పడవలు నడిపి వచ్చిన పిల్లలు ఇక్కడ ఎంత తేలిగ్గా కలిసిపోతారో చూస్తే మీకే తెలుస్తుంది.

చిన్న పడవ బేలో సేఫేనా అని మీకు సందేహం రావచ్చు. అది పడవని బట్టి ఉంటుంది. కాల్ 20, సాంటానా 22 అని 1960లలో వచ్చిన రెండు పడవలున్నాయి. కాల్ 20 బరువు దాదాపు 1,950 పౌండ్లయితే అందులో 900 పౌండ్లు అడుగున నీళ్లలోకి రెక్కలా దిగి ఉండే బరువైన కీల్‌దే. సాంటానా 22లోనూ బరువులో దాదాపు సగం కీల్‌లోనే ఉంటుంది. గాలికి ఒరిగినా మళ్లీ లేచి నిలబడతాయి. రెండూ ఈ గాలిని ఏళ్ల తరబడి తట్టుకుంటున్న పడవలే. కాటలీనా 22లో చాలావాటికి పైకి ఎత్తుకునే కీల్ ఉంటుంది, దాని బరువు దాదాపు 550 పౌండ్లే. అది కూడా మంచి పడవే, కానీ వేసవి మధ్యాహ్నం బయల్దేరే ముందే మెయిన్ తెరచాప కుదించి కట్టుకోవాలి, చిన్న జిబ్ (ముందు తెరచాప) వేసుకోవాలి. మీరు నేర్చుకున్నది కూడా దాదాపు ఈ సైజు పడవల మీదే అయ్యుంటుంది కాబట్టి చెయ్యి తిరిగిన పనే.

ఇక డబ్బు సంగతి. అమ్మేవాళ్లు అంత తక్కువకు ఎందుకు ఇస్తున్నారో ఆలోచించండి. నెలనెలా కట్టే స్లిప్ అద్దె నుంచి బయటపడటమే వాళ్లకు లాభం. అద్దె అడుగుల లెక్కన ఉంటుంది. అడుగుకి 12 డాలర్లు అనుకుంటే 22 అడుగులకి నెలకి 264, 30 అడుగులకి 360. ఈ తేడా మీ జీతాలకు లెక్కలోది కాదు. అసలు ఖర్చు రిపేర్లలో ఉంది. పడవని నీళ్ల నుంచి పైకెత్తి అడుగున పెయింట్ వేయించడం రెండు మూడేళ్లకోసారి తప్పదు. మాస్ట్‌ని (తెరచాప స్తంభాన్ని) పట్టి ఉంచే స్టీలు వైర్లు ఎప్పుడు మార్చారో అమ్మేవాళ్లు చెప్పలేకపోతే మీరే మార్చుకోవాలి. 30లో ఇంజిన్ లోపల ఉంటుంది. ఆ కాలం పడవల్లో కొన్నిటికి అటామిక్ ఫోర్ అనే పెట్రోల్ ఇంజిన్, మరికొన్నిటికి డీజిల్. అది చెడిపోతే పడవ విలువకు సమానంగా బిల్లు రావచ్చు. 22 అడుగుల పడవకి వెనకాల తగిలించిన నాలుగు నుంచి ఆరు హార్స్‌పవర్ల అవుట్‌బోర్డ్ ఇంజిన్ సరిపోతుంది. విప్పి కారు డిక్కీలో పెట్టుకుని రిపేర్ షాపుకి తీసుకెళ్లొచ్చు.

మీరు హెచ్1బీ మీద ఉన్నారు కాబట్టి ఇంకొన్ని విషయాలు. పెద్ద పడవలు కొన్ని డీఎంవీలో (కార్లు రిజిస్టర్ చేసే రాష్ట్ర శాఖలో) కాకుండా కోస్ట్ గార్డ్ దగ్గర డాక్యుమెంట్ అయి, అంటే అక్కడ నమోదై ఉంటాయి. ఆ డాక్యుమెంటేషన్ అమెరికా పౌరుల పేరు మీదే ఉండాలి, గ్రీన్‌కార్డు ఉన్నా కుదరదు. అలాంటి పడవ కొంటే ముందు ఆ డాక్యుమెంటేషన్ రద్దు చేయించి, తర్వాత మీ పేరు మీద కాలిఫోర్నియా డీఎంవీలో రిజిస్టర్ చేయించుకోవాలి. అమ్మేవాళ్లకు డబ్బు చేతిలో పెట్టకముందే ఆ రద్దు పని జరిగేలా చూసుకోండి. డీఎంవీ రిజిస్ట్రేషన్‌కి పౌరసత్వంతో పని లేదు. పడవకు ఇంజిన్ ఉంది కాబట్టి కాలిఫోర్నియా బోటర్ కార్డు (పడవ నడిపేవాళ్ల దగ్గర ఉండాల్సిన కార్డు) కూడా ఇద్దరూ తీసుకోండి. పడవ మీద డబ్బు తీసుకుని ఎవరినీ తిప్పొద్దు. వీసా నిబంధనల ప్రకారమూ తప్పు, కోస్ట్ గార్డ్ లైసెన్సు లేకుండా చేయడం కూడా తప్పే. అద్దె కలిసొస్తుందని పడవలోనే ఉండిపోదామని ఎవరైనా సలహా ఇస్తే పట్టించుకోకండి. ఇక్కడి మెరీనాల్లో అలా ఉండటానికి మామూలుగా పది శాతం స్లిప్‌లకు మించి అనుమతి ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం, ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండటానికి మనకు దొరికేది ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆ టెన్షన్‌లో ఇంటి లీజు, పిల్లల స్కూలు, కార్లు చూసుకోవాలా, 45 ఏళ్లు దాటిన పడవకి కొనేవాళ్లను వెతుక్కోవాలా? ఇలాంటి పాత పెద్ద పడవలను ఒక్కోసారి ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్లు దొరకరు, స్లిప్ అద్దె మాత్రం నెలనెలా పడుతూనే ఉంటుంది. అందుకే మీలాంటివాళ్లకు నేను రోడ్డు మీద లాక్కెళ్లగలిగిన సైజు చెబుతాను. మామూలుగా ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు దాటితే హైవే మీద ప్రత్యేక అనుమతి కావాలి. కాటలీనా 22 వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు, కాటలీనా 25 సరిగ్గా 8 అడుగులు. 27కి వచ్చేసరికి 8 అడుగుల 10 అంగుళాలు, హద్దు దాటిపోయింది. ట్రైలర్‌తో సహా కొన్న 22 అయితే రేపు ఆస్టిన్‌లోనో డల్లాస్‌లోనో ఉద్యోగం వచ్చినా వెంట వస్తుంది. అక్కడా మంచి సరస్సులున్నాయి. 25ని లాగాలంటే మాత్రం పెద్ద పికప్ ట్రక్ కావాలి.

అమ్మానాన్నల గురించి అడిగారు, అది నాకు బాగా నచ్చింది. వాళ్లకు కావల్సింది పెద్ద పడవ కంటే మంచి వేళ. జూలై మధ్యాహ్నం ఏ పడవలో తీసుకెళ్లినా చలికి, ఊపుకి వాళ్లు మళ్లీ రామంటారు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో గాలి నెమ్మదిస్తుంది, ఎండ కూడా బాగుంటుంది. పొద్దున పదింటికి బయల్దేరి ట్రెజర్ ఐలాండ్ పక్కన క్లిప్పర్ కోవ్‌లో లంగరు వేసి, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర పెట్టి, గాలి లేవకముందే తిరిగి వచ్చేయండి. చిన్న పడవ అంచు డాక్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దానిలోకి అడుగు పెట్టడమే తేలిక. బాత్రూమ్ సంగతి మాత్రం ముందే ఆలోచించండి. 22లో ఒక చిన్న పోర్టబుల్ టాయిలెట్ ఉంటుంది, కర్టెన్ లాంటి చాటే తప్ప తలుపుండదు, లోపల నిలబడలేం. అత్తగారి ముందు, మామగారి ముందు అది ఇబ్బందే. అందుకే వాళ్లతో వెళ్లేది రెండు గంటలకు మించకుండా చూసుకోండి. పదమూడేళ్ల లోపు పిల్లలకు లైఫ్ జాకెట్ చట్టం ప్రకారమే తప్పనిసరి. పెద్దవాళ్లకు కూడా వేయండి, ఫొటోల కోసం విప్పనివ్వొద్దు.

ఎనిమిది మంది ఫ్రెండ్స్‌తో వెళ్లాలనిపించే రోజులు ఏడాదిలో ఒకటో రెండో ఉంటాయి. ఆ రోజుకి కెప్టెన్‌తో సహా పెద్ద పడవ అద్దెకు తీసుకుని తలా కొంత వేసుకోండి. మిగతా రోజుల్లో మీ పడవలోకి మీరిద్దరు, ఇంకో ఇద్దరు. అంతకంటే ఎక్కువ ఎక్కించొద్దు.

ఏ సైజైనా చూడటానికి వెళ్లినప్పుడు చెప్పులు విప్పి డెక్ అంతా నడవండి. రెయిలింగ్ గొట్టాలు దిగిన చోట, మాస్ట్ చుట్టూ మడమతో గట్టిగా నొక్కండి. మెత్తగా దిగినట్టు అనిపిస్తే లోపల చెక్క నీళ్లు తాగి కుళ్లిందన్నమాట, ఆ పడవ వదిలేయండి. ఎత్తే కీల్ అయితే దాన్ని పట్టి ఉంచే పిన్ను, కేబుల్ ఎప్పుడు మార్చారో అడగండి. బిగించిన కీల్ అయితే పైకెత్తినప్పుడు కీల్‌కీ పడవకీ మధ్య అతుకు చూడండి. అక్కడ వచ్చే చీలికని ఇక్కడివాళ్లు కాటలీనా స్మైల్ అంటారు. సన్నటి గీత అయితే సరిచేయించుకోవచ్చు, తుప్పు నీళ్లు కారిన మరకలుంటే కీల్ బోల్టుల దాకా వెళ్లిందేమో చూపించాలి. పడవని పరీక్షించి రిపోర్టు ఇచ్చే సర్వేయర్‌కి డబ్బులెందుకని అనుకోకండి. మెరీనా ఇన్సూరెన్స్ అడుగుతుంది, ఇన్సూరెన్స్ కంపెనీ పాత పడవకి సర్వే అడుగుతుంది. అమ్మేవాళ్లు చెప్పిన మనిషిని కాకుండా మీరే వెతుక్కున్న మనిషిని పెట్టుకోండి.

కొనేలోపు బర్కిలీలో కాల్ సెయిలింగ్ క్లబ్‌లో చేరండి. వాలంటీర్లే నడిపే క్లబ్, ఫీజు తక్కువ, గాలి బాగా ఉన్న రోజుల్లో చిన్న పడవలు నడపడం వస్తుంది. వారం మధ్యలో సాయంత్రం జరిగే సరదా రేసులకి కూడా ఇద్దరూ విడివిడిగా, వేర్వేరు పడవల్లో క్రూగా వెళ్లండి. 30 అడుగుల పడవ పనులన్నీ వేరేవాళ్ల పడవ మీద, పక్కన తెలిసినవాళ్లు ఉండగా నేర్చుకోవచ్చు. రెండు సీజన్ల తర్వాత కూడా పెద్దదే కావాలనిపిస్తే అప్పుడు 27 చూడండి, లోపల ఆరడుగుల మనిషి నిలబడగలడు, తలుపున్న టాయిలెట్ ఉంటుంది.

ఇప్పటికైతే ట్రైలర్‌తో ఉన్న కాటలీనా 22, లేదా స్లిప్ దొరికితే సాంటానా 22. నవంబర్ దాకా ఆగండి. చలికాలం అద్దె కట్టడం ఇష్టంలేక అప్పుడు చాలామంది ధర దించుతారు. చూడటానికి వెళ్లే రోజు ఇంజిన్ ముందుగా వేడి చేసి ఉంచొద్దని ఫోన్‌లోనే చెప్పండి. మీరు వెళ్లాక చల్లటి ఇంజిన్‌ని మీ ఎదురుగానే స్టార్ట్ చేయమనండి.