పంటి సందేహాలు: వేరు ముదరకముందే చచ్చిన పన్ను

ప్రశ్న: మా వాడికి తొమ్మిదేళ్లు. పోయినేడు బడిలో కిందపడి పైముందు పన్నుకు దెబ్బ తగిలింది. నొప్పి తగ్గిందని వదిలేస్తిమి. ఇప్పుడు పన్ను నల్లబారింది, చిగురు మీద చీము పొక్కు లేస్తా, పగుల్తా ఉంది. ఒక డాక్టరు రూట్ కెనాల్ కుదరదు, పీకేయాలన్నారు. ఇంకొకరు వేరు పెరిగే వైద్యం ఉందంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: పీకించకండమ్మా. పైముందు పన్ను ఏడెనిమిదేళ్లకు బయటికొస్తుంది, దాని వేరు కొస మూసుకోడానికి ఇంకో మూడేళ్లు పడుతుంది. ఈలోపే గుజ్జు (పన్ను లోపలి రక్తనాళాలు, నరాలున్న మెత్తని భాగం) చచ్చిపోతే వేరు ఉన్నచోటే ఆగిపోతుంది. గోడలు పలచగా, కొస గరాటు మూతిలా తెరుచుకుని ఉంటాయి. మామూలు రూట్ కెనాల్‌లో నింపే గట్టా పెర్చా అనే రబ్బరు లాంటి పదార్థం ఆ కొసలో నిలవక బయటికి జారుతుంది. మొదటి డాక్టరు కుదరదన్నది అందుకే అయ్యుండాలి. అయినా దారులు రెండున్నాయి.

ఒకటి, ఎం.టి.ఎ. అనే సిమెంటును వేరు కొసలో 4 మిల్లీమీటర్ల మందాన అడ్డు పెట్టి మిగతాది నింపేయడం. ఒకటి రెండు సిట్టింగుల్లో అయిపోతుంది, చీము మానుతుంది. కానీ వేరు ఇక పెరగదు. పలచని గోడలు అలాగే ఉంటాయి కాబట్టి మళ్లీ దెబ్బ తగిలితే పన్ను మెడ దగ్గర విరగొచ్చు.

రెండోది మీరు విన్నది, రీవాస్కులరైజేషన్, అంటే చచ్చిన పన్ను లోపలికి మళ్లీ రక్తం రప్పించడం. 2001లో జపాన్‌లో ఇవాయా బృందం, 2004లో బాంక్స్, ట్రోప్ ప్రచురించిన కేసులతో ఇది వాడుకలోకి వచ్చింది. చీము పట్టినా వేరు కొస దగ్గరి మెత్తని కణజాలంలో మూలకణాలు చాలాసార్లు బతికే ఉంటాయి. పన్ను లోపలి క్రిముల్ని చంపి, ఆ కణాల్ని మాత్రం చంపకుండా, రక్తంతోపాటు లోపలికి రప్పించాలి. ఈ వైద్యంలో కష్టమంతా అక్కడే.

మొదటి సిట్టింగులో రబ్బర్ డ్యామ్ (ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ కట్టే రబ్బరు పొర) కట్టి, పలచని గోడల్ని ఫైళ్లనే సన్నని సూదిలాంటి పనిముట్లతో గీకకుండా, మందు నీళ్లతోనే శుభ్రం చేస్తారు: క్రిముల్ని చంపే 1.5 శాతం సోడియం హైపోక్లోరైట్ 20 మిల్లీలీటర్లు, 5 నిమిషాల పాటు, తర్వాత సెలైన్. లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ అనే క్రిముల్ని చంపే మందు పెట్టి పైన 3, 4 మిల్లీమీటర్ల తాత్కాలిక సిమెంటుతో మూస్తారు. ఒకటి నుంచి నాలుగు వారాల తర్వాత మళ్లీ వెళ్లాలి. అప్పటికీ పొక్కు ఎండకపోతే శుభ్రం చేయడం మళ్లీ మొదటికే. తొందరపడి ముందుకు పోతే లోపలికొచ్చిన రక్తం క్రిములకు మేత అవుతుంది. పొక్కు ఎండితే 17 శాతం ఇ.డి.టి.ఎ. అనే ద్రావణంతో కడిగి, కొస దాటి సన్నని ఫైలుతో కదిపి రక్తం రప్పిస్తారు. అది గడ్డకట్టాక దానిపైన బయోడెంటిన్ అనే సిమెంటు, ఆపైన గ్లాస్ అయానమర్, కాంపోజిట్ అనే పన్ను నింపే పదార్థాలు వేసి మూస్తారు.

వేరు పెరిగే వైద్యం అనడం మాత్రం కొంచెం ఎక్కువే. చీము మానడం, ఎముక పూడడం సాధారణంగా దక్కే ఫలితాలు. ఎక్స్‌రేలో కొస దగ్గరి నల్లని నీడ 6 నుంచి 12 నెలల్లో తగ్గాలి. గోడలు మందం కావడం 12 నుంచి 24 నెలల మధ్య కనబడొచ్చు, అదీ అందరిలో కాదు. లోపల పెరిగేది కూడా అసలు గుజ్జు కాదు, ఎక్కువగా సిమెంటమ్ (వేరు పైపొర), ఎముక లాంటి కణజాలం. 6, 12, 24 నెలలకు ఎక్స్‌రే తప్పదు. అన్నిసార్లు తిరగడం వీలుకాదనుకుంటే ఎం.టి.ఎ. అడ్డుకట్టే మేలని మా అభిప్రాయం. మీకు దగ్గర్లో కడప ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, అక్కడ అడగండి.

ప్రశ్న: రీవాస్కులరైజేషన్‌లో ఫైలుతో ఎంత కదిపినా కొన్ని కేసుల్లో రక్తం రావడం లేదు. వచ్చినా దానిపైన వేసిన ఎం.టి.ఎ. లోపలికి దిగిపోతోంది. ఏం చేయాలి?
– యువ దంతవైద్యుడు, ఆదోని

జవాబు: మొదట మీ మత్తు ఇంజెక్షన్ చూడండి. అడ్రినలిన్ కలిసిన లిగ్నోకైన్ అయితే రక్తనాళాలు ముడుచుకుంటాయి. రెండో సిట్టింగులో అడ్రినలిన్ లేనిదే వాడాలి. కొద్దిగా వంచిన కె-ఫైలును కొస దాటి 2 మిల్లీమీటర్లు పంపి తిప్పండి. చివరి కడుగుడు ఇ.డి.టి.ఎ.తోనే ఉండాలి, అది డెంటిన్‌లో (పన్ను గోడలో) ఇమిడిన గ్రోత్ ఫ్యాక్టర్లను, అంటే కణాలు పెరిగేలా చేసే పదార్థాలను విడుదల చేస్తుంది.

అయినా రాకపోతే పి.ఆర్.ఎఫ్. ఉంది, అంటే రోగి సొంత రక్తం నుంచి తీసి రక్తపు గడ్డ బదులు లోపల పెట్టే ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే పీచు) పొర. గడ్డకట్టకుండా చేసే మందు లేని గొట్టంలో 10 మిల్లీలీటర్ల రక్తం తీసి, నిమిషానికి 3000 చుట్ల చొప్పున 10 నిమిషాలు తిప్పండి. తీసిన వెంటనే తిప్పాలి. ఆలస్యమైతే గొట్టంలోనే గడ్డకట్టి ఫైబ్రిన్ పొర విడిగా రాదు.

సిమెంటు దిగిపోతోందంటే గడ్డ ఇంకా గట్టిపడలేదన్నమాట. పావుగంట ఆగండి, పైన కొలాజెన్ ముక్క పెట్టి దానిమీద సిమెంటు వేయండి.

హైపోక్లోరైట్ సీసా మీద 3 శాతం అనుంటే సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలపండి. పక్కన రంధ్రమున్న సూదితో, కొసకు 1 మిల్లీమీటరు ఇవతల నుంచి మెల్లగా పంపండి. తెరిచిన కొస దాటిందా, నిమిషాల్లో ముఖం వాచి పిల్లాడు విలవిల్లాడతాడు.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. దవడ పన్ను పుచ్చి గుజ్జు దాకా పోయిందన్నారు. రూట్ కెనాల్ బదులు గుజ్జును మళ్లీ పెంచొచ్చా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: పూర్తిగా చచ్చిపోయుంటే రూట్ కెనాలే. మూలకణాల ప్రయోగాలు జరుగుతున్నాయి. 2018లో చైనాలోని షియాన్ బృందం పిల్లల సొంత పాలపళ్ల నుంచి పెంచిన కణాలను వాళ్ల దెబ్బతిన్న ముందు పళ్లలో పెట్టి, గుజ్జు లాంటి కణజాలం వచ్చిందని చూపింది. మన ఊరి క్లినిక్కులో దొరికే వైద్యం కాదది.

గుజ్జు ఇంకా బతికుంటే మాత్రం పల్పాటమీ గురించి అడగండి. పైభాగం గుజ్జు తీసేసి, హైపోక్లోరైట్ తడిపిన దూది కొన్ని నిమిషాలు అదిమి పెడతారు. రక్తం ఆగితే బయోడెంటిన్ వేసి మూస్తారు. ఆగకపోతే లోపల వాపు వేర్లదాకా దిగినట్టే.

ప్రశ్న: మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పిల్లలవన్నీ గారపళ్లే. అలాంటి పళ్లకు రీవాస్కులరైజేషన్ పనికొస్తుందా?
– ఉపాధ్యాయిని, కళ్యాణదుర్గం

జవాబు: పనికొస్తుంది. పైకి కనబడే గార ఎనామిల్‌ది, లోపలి గుజ్జు వైద్యానికి అది అడ్డు కాదు. చిక్కల్లా పైన మూతతోనే. గార ముదిరిన ఎనామిల్‌కు, మూత అతుక్కోడానికి ముందు పూసే ఆమ్లం సరిగా పట్టదు, మామూలు 15 సెకన్లు చాలక 30 సెకన్ల దాకా ఉంచాల్సి రావచ్చు. మూత అంచులో సందు పడితే ఉమ్మి, క్రిములు లోపలికి దిగి పని మొత్తం పాడవుతుంది. ఇంకొకటి, మూడు యాంటీబయాటిక్స్ కలిపిన పేస్టు వాడితే అందులోని మినోసైక్లిన్ పన్నుకు బూడిద రంగు తెస్తుంది. ముందు పళ్లకు కాల్షియం హైడ్రాక్సైడే పెట్టమని ముందే అడగండి.