రోబో కడుతున్నారా? ముందు అతుకులు తేల్చుకోండి

ప్రశ్న: మా పాలిటెక్నిక్‌లో ఏటా ఒక రోబో చేస్తాం. నిరుడు లైన్ ఫాలోయర్ (నేల మీది గీత వెంట నడిచే బండి), ఈసారి అడ్డంకులు తప్పుకునే బండి. నిరుటిది విప్పి చూస్తే మోటార్లు తప్ప ఏదీ పనికొచ్చేలా లేదు. మాడ్యూల్ పద్ధతిలో, అంటే విడివిడి ముక్కలుగా కట్టి కలుపుకుంటూ వెళ్తే ఖర్చు తగ్గుతుందంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- విద్యార్థులు, కాకినాడ

జవాబు: మీరు కొన్న బోర్డులన్నీ ఇప్పటికే మాడ్యూళ్లే. వాటిని కలిపిన తీరే ఏటా మీ డబ్బు తినేస్తోంది. మెదడు బోర్డు నుంచి ఇరవై జంపర్ వైర్లు నాలుగు దిక్కులా వెళ్తే, ఒక్కటి మార్చాలన్నా అంతా విప్పాలి.

బండిని బ్యాటరీ, చక్రాలు, సెన్సర్లు, మెదడు అని నాలుగు ముక్కలుగా చూడండి. చక్రాల ముక్కతో మొదలుపెడితే మంచిది. రెండు బీఓ మోటార్లు (చవక ప్లాస్టిక్ గేరు మోటార్లు), వాటికి కరెంటు అందించే టీబీ6612 డ్రైవర్ ఒకటి, ఈ ముక్కకంటూ సొంతంగా ఆర్డుయినో నానో అనే చిన్న కంట్రోలర్ బోర్డు ఒకటి. బయటికి అయిదే తీగలు: బ్యాటరీ ప్లస్, 5 వోల్టులు, గ్రౌండ్, టీఎక్స్ (సందేశం పంపే తీగ), ఆర్‌ఎక్స్ (అందుకునే తీగ). కనెక్టర్‌గా జేఎస్‌టీ-ఎక్స్‌హెచ్ వాడండి, తిరగేసి గుచ్చడం కుదరదు. జంపర్ వైర్లు బండి అదురుకు వదులవుతాయి.

మెదడు ఈఎస్‌పీ32 అనే బోర్డు అయితే అది 3.3 వోల్టులది, నానో 5 వోల్టులది. నానో టీఎక్స్ నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్ మీదుగా ఈఎస్‌పీ32 ఆర్‌ఎక్స్‌కు తీగ తెచ్చి, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. 5 వోల్టులు 3.3కు దిగుతాయి. నానోకు కోడ్ ఎక్కించేటప్పుడు మాత్రం ఆర్‌ఎక్స్, టీఎక్స్ ఊడదీయాలి. లేకుంటే అప్‌లోడ్ ఆగిపోయి, బోర్డు పోయిందనుకుని కొత్తది కొనేస్తారు.

ఇక సందేశం. "ఎడమ మోటారు పీడబ్ల్యూఎం 180" అని పంపకండి (పీడబ్ల్యూఎం అంటే కరెంటును వేగంగా ఇస్తూ ఆపుతూ మోటారు వేగం మార్చే పద్ధతి). ముందుకు సెకనుకు ఎన్ని మీటర్లు, తిరగడం సెకనుకు ఎన్ని రేడియన్లు (కోణానికి కొలత), ఈ రెండే పంపండి. చక్రాల మధ్య దూరం నానోకే తెలిసుండాలి. తిరుగుడు వేగాన్ని ఆ దూరంలో సగంతో గుణించి ఎడమ చక్రానికి తీసేయడం, కుడి చక్రానికి కలపడం దాని పని. అప్పుడు వచ్చే ఏడు పెద్ద చక్రాలు వేసినా మెదడులోని కోడ్ ముట్టుకోనక్కర్లేదు. అర సెకను పాటు సందేశం రాకపోతే మోటార్లు ఆపేసే నాలుగు వరసలు కూడా నానోలోనే రాయండి. తీగ ఊడిన బండి గోడను గుద్దేది ఆ నాలుగు వరసలు లేకే.

ప్రశ్న: చక్రాలు కదలగానే బోర్డు రీసెట్ అవుతోంది. 9 వోల్టుల బ్యాటరీ కొత్తదే, డ్రైవర్ ఎల్298ఎన్.
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చదరపు 9 వోల్టుల బ్యాటరీ రిమోట్‌కో మల్టీమీటర్‌కో సరిపోతుంది. మోటారు కదిలే క్షణంలో లాగే కరెంటును అది ఇవ్వలేదు. వోల్టేజీ కుంగుతుంది, బోర్డు రీసెట్ అవుతుంది. పైగా ఎల్298ఎన్ తనలోనే దాదాపు 2 వోల్టులు మింగేసి వేడెక్కుతుంది.

18650 రకం లిథియం అయాన్ సెల్స్ రెండు సిరీస్‌లో, రక్షణ బోర్డుతో, ఫ్యూజ్‌తో పెట్టండి. బోర్డుకు విడిగా ఎల్ఎం2596 బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే బోర్డు) పెట్టండి. దాన్ని తగిలించే ముందే మల్టీమీటర్ చూస్తూ స్క్రూ తిప్పి 5 వోల్టులకు తేవాలి. ప్యాకెట్‌లోంచి తీసినప్పుడు అది ఎంతలో ఉంటుందో చెప్పలేం. మోటారు సరఫరా దగ్గర 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, గ్రౌండ్‌లన్నీ కలపండి. డ్రైవర్‌ను టీబీ6612కు మారిస్తే నష్టం బాగా తగ్గుతుంది. కానీ నిండా చార్జయిన రెండు సెల్స్ 8.4 వోల్టులు ఇస్తాయి, బీఓ మోటార్లు 6 వోల్టులవి. కాబట్టి పీడబ్ల్యూఎం 70 శాతం దాటనీయకండి.

ప్రశ్న: మూడు వీఎల్53ఎల్0ఎక్స్ దూర సెన్సర్లు ఒకే ఐటూసీ తీగలకు (రెండే తీగల మీద చాలా బోర్డులు మాట్లాడుకునే పద్ధతి) తగిలిస్తే ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు.
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మూడింటి చిరునామా ఒకటే, 0ఎక్స్29. ఒకే ఇంటి నంబరు మూడు ఇళ్లకుంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు! ఎక్స్‌షట్ పిన్‌లతో మూడింటినీ పడుకోబెట్టి, ఒక్కొక్కటే లేపుతూ కొత్త చిరునామా ఇవ్వండి. ఆ చిరునామా సెన్సర్‌కు గుర్తుండదు. కరెంటు తీసి పెట్టిన ప్రతిసారీ మళ్లీ ఇవ్వాలి. పిన్‌లు చాలకపోతే టీసీఏ9548ఏ అనే ఎనిమిది దారుల మల్టీప్లెక్సర్ ఉంది.

ఇంకో చిక్కుంది. దాదాపు ప్రతి మాడ్యూల్ మీదా పుల్‌అప్ రెసిస్టర్లు (ఐటూసీ తీగను పై వోల్టేజీకి లాగి ఉంచేవి) ఉంటాయి. 4.7 కిలో ఓమ్‌లవి అయిదు కలిస్తే 940 ఓమ్‌లకు దిగుతుంది. 3.3 వోల్టుల మామూలు ఐటూసీకి అది హద్దు కిందికి వెళ్లినట్టే. ఒకటి రెండు బోర్డుల మీద ఉంచి మిగతావి ఊడదీయండి.

ప్రశ్న: ఇంత చిన్న రోబోకు రాస్ 2 (రోబోల సాఫ్ట్‌వేర్ వేదిక) నేర్చుకోవాలా?
- బీటెక్ విద్యార్థి, విజయవాడ

జవాబు: ఇప్పుడే వద్దు. లైడార్ (లేజర్‌తో చుట్టూ దూరాలు కొలిచే సెన్సర్) పెట్టి గది మ్యాప్ గీయాలనుకున్న రోజు మొదలుపెట్టండి. రాస్ 2లో హంబుల్ వెర్షన్‌కు ఉబుంటు 22.04 (కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్), జాజీకి 24.04. వీటిని కలగాపులగం చేస్తే ఇన్‌స్టలేషన్‌తోనే వారం పోతుంది. మొదటి జవాబులో చెప్పిన మీటర్లు, రేడియన్లు రాస్‌లోనూ అవే కొలతలు. చక్రాల ముక్కను అలా కట్టుకుంటే దాన్ని రాస్‌కు కలపడానికి మధ్యలో ఒక చిన్న ప్రోగ్రామ్ చాలు.