గోల్కొండలో గజ్జెల చప్పుడు

ప్రశ్న: చీకటి పడ్డాక గోల్కొండలో తారామతి దయ్యమై ఆడుతుందని, గజ్జెల చప్పుడు తన చెవులతో విన్నానని మా బాబాయి గట్టిగా చెబుతున్నాడు. నిజమేనా సార్?
– ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: మీ బాబాయి ఏదో చప్పుడు వినే ఉంటారమ్మా, ఆయన మాట కొట్టిపారేయను. కోట ద్వారమైన ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, కొండమీది బాలా హిసార్ మంటపం దగ్గర వినబడుతుంది. కింద ఎవరొచ్చారో పైవాళ్లకు తెలియాలని చేసిన ఏర్పాటది. పైన నిలబడి నేనూ విన్నాను. చప్పుడు పక్క గోడలోంచే వచ్చినట్టుంటుంది, మనిషి మాత్రం కనబడడు. పొద్దుగూకాక అలాంటిచోట ఏ అలికిడైనా గజ్జెల్లాగే తోస్తుంది.

తారామతి అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు నర్తకి అంటారు. బారాదరి అనే మంటపంలో ఆమె పాడితే కోటలో సుల్తానుకు వినబడేదని ఇంకో కథ. అంతటి కళాకారిణిని దయ్యం చేసి చెప్పుకోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. కుతుబ్‌షాహీ సమాధుల తోటలో, సుల్తానులున్న ఆవరణలోనే, ఆమెకూ, మరో నర్తకి ప్రేమామతికీ సమాధులున్నాయి. ఈసారి బాబాయిని అక్కడికి తీసుకెళ్లి చూపించండి.